నిండు చార్జితో ఘాట్ దిగితే

శనివారం, తెల్లవారుజామున నాలుగున్నర. బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్. అక్కడి ఒక కుటుంబానిది తిరుపతి ప్రయాణం. రాత్రంతా గోడకున్న పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించిన కారు ఇప్పుడు నూరు శాతం చార్జి చూపిస్తోంది. వెనక సీట్లో అమ్మమ్మ, ఇద్దరు పిల్లలు. డిక్కీలో పులిహోర డబ్బా, రెండు దుప్పట్లు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. కె.ఆర్.పురం హ్యాంగింగ్ బ్రిడ్జి ఎక్కి దిగుతుండగా ముందు ఒక లారీ నెమ్మదించడం చూసి, కారు నడుపుతున్న ఇంటాయన అలవాటు ప్రకారం యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. రోజూ అయితే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కారు వేగం తగ్గేది. ఆ రోజు తగ్గలేదు. న్యూట్రల్‌లో పడ్డ బండిలా జారిపోతోంది. కాలు గబుక్కున బ్రేకు మీదికి వెళ్లింది. లారీకి ఇంకా చాలా దూరం ఉండగానే కారు నెమ్మదించింది.

"ఏమైందండీ?" పక్క సీట్లోంచి ఆవిడ.

"ఏమో, కాలు తీస్తే పట్టలేదు."

హోసకోటె దాటి కోలారు వైపు సాగేసరికి ఆ పట్టు దానంతటదే తిరిగొచ్చింది. ఆయన ఏ మీటా నొక్కలేదు, ఎక్కడా ఆపి చూపించలేదు.

ఎలక్ట్రిక్ కారు కొన్న చాలామందికి మొదటి ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పొద్దు ఎదురవుతుంది. కొందరు బ్రేకు చెడిందని హడలిపోయి సర్వీసు సెంటరుకు పరిగెడతారు. అక్కడ కంప్యూటరు తగిలించి చూసి ఏ లోపమూ లేదంటారు. ఆ మాట నిజమే, కానీ మనిషి భయం పోవడానికి అదొక్కటే చాలదు. కాలు తీసినప్పుడు పట్టుకునే శక్తి ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు రాదో కారు నడిపేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. ముఖ్యంగా కొండ దారుల్లో నడిపేవాళ్లకు.

సైకిలుకు డైనమో కట్టించుకుని తొక్కినవాళ్లకు ఈ సంగతి కాళ్లకే తెలుసు. చీకటి పడగానే డైనమోను టైరుకు ఆనిస్తే ముందు లైటు వెలిగేది, దాంతోపాటే పెడల్ బరువెక్కేది. ఆ వెలుగు ఊరికే వచ్చేది కాదు, పిక్కల బలంలోంచి వచ్చేది. అదే బల్బు మాడిపోయిన రోజున డైనమో టైరుకు ఆనుకుని తిరుగుతున్నా పెడల్ తేలిగ్గా ఉండేది. కరెంటు తీసుకునే బల్బు లేకపోతే డైనమో అంతగా ఎదురు తిరగదు.

ఎలక్ట్రిక్ కారు మోటారూ అంతే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బ్యాటరీలోని కరెంటు తీసుకుని చక్రాలను తిప్పుతుంది. కాలు తీయగానే పాత్రలు మారతాయి. చక్రాలే మోటారును తిప్పుతాయి, మోటారు డైనమో అవుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళుతుంది. అలా కరెంటు పుట్టించడానికి చక్రాలు పడే శ్రమే మనకు బ్రేకులా తెలుస్తుంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. కార్లవాళ్ల వాడుకలో రీజెన్. పెట్రోలు కారు ఆగినప్పుడు దాని వేగమంతా బ్రేకు డిస్కుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ అందులో కొంత వెనక్కి వస్తుంది.

అయితే ఆ కరెంటుకు వెళ్లడానికి ఒక చోటు కావాలి. చోటు లేకపోతే బల్బు మాడిన డైనమో కథే. రీజెన్ పట్టదు.

ఈ విద్య కార్లతో మొదలైంది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండ్‌లో ట్రాములకు దీన్ని వాడారు. 1911లో రాటెన్‌స్టాల్ అనే ఊళ్లో ట్రాము ప్రమాదం జరిగాక అక్కడి అధికారులు కొన్నేళ్లపాటు ఆపించారు. మన దేశంలో 1920ల చివర్లో బొంబాయి నుంచి పుణె వైపు పశ్చిమ కనుమలు ఎక్కి దిగే గూడ్సు రైళ్లకు కట్టిన 'క్రొకడైల్' ఎలక్ట్రిక్ ఇంజన్లు బోర్ ఘాట్ దిగుతూ తీగల్లోకి కరెంటు తిరిగి పంపేవి. రైలుకు పైన తీగ ఉంది, ఆ తీగకు అవతల కరెంటు వాడుకునే మరో రైలు ఉంది. కారుకు మాత్రం తన బ్యాటరీయే దిక్కు.

బెంగళూరుకు ఈ కథలో సొంత అధ్యాయం ఉంది. 2001లో చేతన్ మైనీ బృందం ఇక్కడి నుంచి 'రేవా' అనే బుల్లి కారును రోడ్డెక్కించింది. రెండు తలుపులు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్క చార్జికి 80 కిలోమీటర్లు. లండన్‌లో 'జీ విజ్' పేరుతో తిరిగింది. 2010లో మహీంద్రా ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొన్నది. 2013లో లిథియం బ్యాటరీతో 'ఈ2ఓ' వచ్చింది. రేవాలోనూ రీజెన్ ఉండేది. లెడ్ యాసిడ్ బ్యాటరీకీ ఇదే ఇబ్బంది. నిండాక ఇంకా కరెంటు పంపితే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడానికి ఒక కారణం ఇదే. లిథియం బ్యాటరీ ఆపాటి తప్పును కూడా సహించదు.

ఎందుకు సహించదో తెలియాలంటే పండగ రోజు ఆర్టీసీ బస్సును గుర్తు తెచ్చుకోవాలి. బ్యాటరీ సెల్ లోపల గ్రాఫైట్ అనే పదార్థం పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. చార్జి అవుతున్నప్పుడు లిథియం అయాన్లు వచ్చి ఆ పొరల మధ్య సర్దుకుంటాయి. బస్సు ఖాళీగా ఉంటే ఒకేసారి ముప్ఫై మంది ఎక్కినా క్షణాల్లో సీట్లలో సర్దుకుంటారు. బస్సు నిండే కొద్దీ ఎక్కేవాళ్లు ఫుట్‌బోర్డు దగ్గరే ఆగిపోతారు. కండక్టరు "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరుస్తూనే ఉంటాడు. జరగడానికి చోటుండదు, ఒకవేళ ఉన్నా జరగడానికి సమయం పడుతుంది. అప్పుడు ఇంకో ముప్ఫై మందిని తోస్తే ఏమవుతుంది? మెట్ల మీద వేలాడతారు. సెల్‌లో అదే జరిగితే లిథియం పొరల్లోకి పోకుండా గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో కొంత మళ్లీ పనికి రాదు, బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. అది ముళ్లలా పెరిగి లోపలి పలుచని తెరను పొడుచుకుని అవతలికి వెళితే షార్ట్ సర్క్యూట్, ఆపైన మంట.

అందుకే ప్రతి కారులోనూ బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఒక కంప్యూటరు ఉంటుంది. సెల్ రకాన్ని బట్టి దానికి ఒక గీత ఉంటుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన సెల్ అయితే 4.2 వోల్టులు, మన దేశపు కార్లలో ఎక్కువగా కనిపించే ఐరన్ ఫాస్ఫేట్ సెల్ అయితే 3.65 వోల్టులు. వందకు పైగా సెల్స్‌లో ఏ ఒక్కటి ఆ గీత దగ్గరికి వచ్చినా లోపలికి వచ్చే కరెంటును కంప్యూటరు తగ్గించేస్తుంది. మిగిలిన సెల్స్‌లో చోటున్నా సరే. సెల్స్ అన్నీ సమానంగా నిండని పాత బ్యాటరీలో రీజెన్ కొంచెం ముందే తగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు పుట్టే కరెంటు ఎంతని? బ్యాటరీలో అర శాతం కూడా ఉండదు, ఆ మాత్రం పట్టదా? పట్టొచ్చు, కానీ చిక్కు కరెంటు మొత్తంతో కాదు, అది వచ్చే వేగంతో. రాత్రి ఇంటి ప్లగ్గు నుంచి బ్యాటరీలోకి వెళ్లేది దాదాపు 3.3 కిలోవాట్లు. 320 వోల్టుల బ్యాటరీ అయితే పది ఆంపియర్ల కరెంటు. చివరి ఒకటి రెండు శాతం నింపేటప్పుడు అది కూడా సన్నగిల్లుతుంది, బిందె అంచు దాకా వచ్చాక మనం కుళాయి సన్నగా తిప్పినట్టు. అదే కారు మామూలుగా కాలు తీసినప్పుడు 30 కిలోవాట్ల రీజెన్ ఇస్తుందనుకుంటే, ఆ కొద్ది సెకన్లలో బ్యాటరీ వైపు దూసుకొచ్చే కరెంటు 94 ఆంపియర్లు. అంచు దాకా నిండిన బిందెలో బకెట్టు కుమ్మరించడం లాంటిదే. హోసకోటె దాటాక పట్టు ఎందుకు తిరిగొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. అప్పటికి బ్యాటరీ కొన్ని శాతాలు ఖాళీ అయింది. బస్సులో పది మంది దిగారు.

చలి కూడా ఇదే పని చేస్తుంది. చలిలో అయాన్లు పొరల్లోకి నెమ్మదిగా జరుగుతాయి. బస్సు సగమే నిండింది, కానీ ఎక్కినవాళ్లంతా ముసలివాళ్లు, నిదానంగా కదులుతున్నారనుకోండి. ఫుట్‌బోర్డు దగ్గర రద్దీ తప్పదు. బ్యాటరీలో చార్జి సగమే ఉన్నా, లోపలి ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఉంటే రీజెన్ బాగా తగ్గుతుంది, కొన్నిసార్లు మొత్తానికే ఆగిపోతుంది. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. మామూలు చలికాలపు పొద్దుల్లో ఇక్కడ 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి బెంగళూరు డ్రైవర్లకు ఈ బాధ పెద్దగా తెలియదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు బాగా తెలుసు. 2024 జనవరి చలిగాలుల్లో షికాగోలో చార్జింగ్ స్టేషన్ల దగ్గర ఎలక్ట్రిక్ కార్లు బారులు తీరి నిలిచిపోయిన వార్త ప్రపంచమంతా చూసింది. టెస్లా కార్లలో బ్యాటరీ చల్లబడి ఉంటే తెర మీద నీలి రంగు మంచుపువ్వు గుర్తు కనిపిస్తుంది. రీజెన్ ఎంత తగ్గిందో చుక్కల గీత చెబుతుంది. రీజెన్ తగ్గినప్పుడు అదే మోతాదులో మామూలు బ్రేకును కారే తనంతట వేసుకునే ఏర్పాటును కూడా ఆ కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ ద్వారా ఇచ్చింది. కాలు తీస్తే ఎప్పుడూ ఒకేలా పట్టాలన్నది డ్రైవరు కోరిక. ఆ కోరికను మన్నించిన మార్పు అది. ప్రతి కంపెనీ చేయాల్సిన పని అని చెప్పక తప్పదు.

ఎండలోనూ చిక్కే. మే నెల మధ్యాహ్నం విజయవాడ హైవే మీద గంటల తరబడి నడిపి, ఫాస్ట్ చార్జర్‌కు తగిలించి, వెంటనే బయల్దేరితే బ్యాటరీ కాగి ఉంటుంది. వేడి హద్దు దాటితే కంప్యూటరు కరెంటును రెండు వైపులా తగ్గిస్తుంది, పోయేదాన్నీ వచ్చేదాన్నీ. బెంగళూరు వాతావరణం ఈ విషయంలోనూ దయగలదే.

బెంగళూరు దయ చూపనిది రోడ్డు విషయంలో. ఈ నగరంలో ప్రతి వీధికీ రెండు మూడు హంపులు. వర్షాకాలం తర్వాత వాటి మధ్య గుంతలు. కాలు తీసి నెమ్మదిస్తూ హంపు మీదికి వెళ్లినప్పుడు, చక్రం క్షణంపాటు రోడ్డు మీద పట్టు కోల్పోయి కారు ఒక్కసారి ముందుకు తోసినట్టు అనిపిస్తుంది. ఇది భ్రమ కాదు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో మోటారు ముందు చక్రాలకో వెనక చక్రాలకో మాత్రమే ఉంటుంది కాబట్టి రీజెన్ ఆ రెండు చక్రాలనే పట్టుకుంటుంది. అవి జారుతున్నాయని గ్రహించగానే, చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ రీజెన్‌ను తప్పించి చక్రాలను స్వేచ్ఛగా తిరగనిస్తుంది. అలా చేయకపోతే తడి రోడ్డు మీద కారు పక్కకు తిరిగిపోతుంది. పట్టు వదిలిన ఆ అర సెకను డ్రైవరు గుండెకు మాత్రం చాలా పొడుగ్గా ఉంటుంది.

ఈ అర సెకను ఎంత పెద్ద విషయమో టయోటాకు తెలిసొచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ప్రియస్‌తో పాటు మరికొన్ని హైబ్రిడ్ మోడళ్లు కలిపి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4,37,000 కార్లను వెనక్కి పిలిచింది. ఎగుడుదిగుడు రోడ్ల మీద, జారుడు రోడ్ల మీద బ్రేకు క్షణంపాటు వదిలేసినట్టు ఉందని డ్రైవర్లు ఫిర్యాదు చేశారు. ఏబీఎస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చి కార్లు తిరిగిచ్చారు. రీజెన్ నుంచి మామూలు బ్రేకుకు పగ్గాలు చేతులు మారే క్షణాన్ని ఎంత నున్నగా చేస్తే అంత మంచిదని పరిశ్రమ అంతా అప్పటి నుంచి గట్టిగా పట్టించుకుంటోంది.

గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు కూడా రీజెన్ ఒక్కదాని వల్ల కాదు. 1,600 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండగా కుక్క అడ్డొచ్చిందనుకోండి. ఆ తొలి క్షణంలో కారును ఆపడానికి కావలసిన శక్తి 200 కిలోవాట్లకు పైమాటే. మధ్యతరగతి కార్ల మోటార్లలో చాలావాటి సామర్థ్యం దాంట్లో సగం కూడా ఉండదు. మిగిలినదంతా డిస్కులు, ప్యాడ్లే మోయాలి. వాటిని కంపెనీలు తీసేయకపోవడానికి కారణం ఇది. రీజెన్ ఉందన్న ధీమాతో వాటి సర్వీసును వాయిదా వేయడం మాత్రం పొరపాటు. తక్కువగా వాడే డిస్కు వర్షాల్లో తుప్పు పడుతుంది. అందుకే కొన్ని కార్లు అప్పుడప్పుడూ రీజెన్‌ను కావాలనే పక్కన పెట్టి మామూలు బ్రేకు వేసి డిస్కులను శుభ్రం చేసుకుంటాయి.

మరి ట్రాఫిక్ పాకుతూ సాగే బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో? అక్కడ రీజెన్‌కు చేయడానికి పెద్దగా పని ఉండదు. టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాలు పట్టింది. అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు. వేగం మూడో వంతుకు తగ్గితే కారులోని చలనశక్తి తొమ్మిదో వంతుకు పడిపోతుంది. 1,600 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే అందులో దాదాపు 62 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 20 నుంచి ఆగితే ఏడే. పైగా నడక వేగానికి దిగేసరికి మోటారు పుట్టించే వోల్టేజి సన్నగిల్లి రీజెన్ దానంతటదే మాయమవుతుంది. చివరి రెండు మూడు మీటర్లు చాలా కార్లలో మామూలు బ్రేకువే. మెల్లగా పాకే ట్రాఫిక్‌లో ఎలక్ట్రిక్ కారుకు ఖర్చు తక్కువ కావడానికి రీజెన్ కంటే పెద్ద కారణం వేరే ఉంది. నిలబడ్డప్పుడు తిరుగుతూ పెట్రోలు తాగే ఇంజన్ అందులో లేదు.

అదే సిల్క్ బోర్డ్ దగ్గర తలెత్తి చూస్తే పైన మెట్రో వెళుతుంటుంది. 2025 ఆగస్టులో మొదలైన పసుపు లైను అది. ఆ రైలుకూ ఇదే సమస్య, మరో రూపంలో. నమ్మ మెట్రోకు కరెంటు పట్టాల పక్కనే ఉండే మూడో పట్టా నుంచి అందుతుంది, 750 వోల్టుల డీసీ. స్టేషను సమీపించి బ్రేకు వేసిన రైలు పుట్టించే కరెంటును దగ్గర్లో అప్పుడే బయల్దేరే ఇంకో రైలు తాగేయాలి. తాగే రైలు దగ్గర్లో లేకపోతే ఆ పట్టాలో వోల్టేజి ఎగబాకుతుంది. ఇలాంటి లైన్లలో సాధారణంగా 900 వోల్టుల దగ్గర గీత గీస్తారు. గీత దగ్గరికి రాగానే రైలు రీజెన్ తగ్గించుకుని, మిగిలిన శక్తిని రెసిస్టర్లలో వేడిగా వదిలేస్తుంది, లేదంటే మామూలు బ్రేకు అందుకుంటుంది. ప్రయాణికులకు ఏ తేడా తెలియదు, ఎందుకంటే ఆ చేతులు మార్చే పనంతా రైలే చేసుకుంటుంది. హైదరాబాద్ మెట్రోది 25,000 వోల్టుల ఏసీ తీగ. అక్కడ మిగిలిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి సరఫరా వ్యవస్థలోకే వెళ్లగలదు కాబట్టి చోటు కొరత తక్కువ.

కారుకు అలాంటి సౌకర్యం లేదు. అందుకే అసలు జాగ్రత్త ఘాట్ రోడ్ల మీద కావాలి.

బెంగళూరు నుంచి తిరుపతి దారి నిజానికి ఎలక్ట్రిక్ కారుకు అనువైన దారి. నగరం సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర. వెళ్లేటప్పుడు మొత్తమ్మీద దిగుడే. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగే వేళకు ఉదయం నింపిన బ్యాటరీలో బోలెడంత చోటు ఏర్పడి ఉంటుంది. రీజెన్ బాగా పడుతుంది. మారతహళ్లి కుటుంబం అక్కడ బ్రేకు మీద కాలు పెట్టిందే తక్కువ. తిరుగు ప్రయాణంలో అదే కారు అదే దూరానికి ఎక్కువ చార్జి తినడం చూసి కంగారు పడనక్కర్లేదు, 700 మీటర్లకు పైగా ఎక్కాలి కదా.

ప్రమాదకరమైన ఏర్పాటు ఇందుకు తలకిందులుది. చార్జింగ్ కొండ మీద, దిగుడు ఆ వెంటనే. ఊటీనే తీసుకోండి. 2,240 మీటర్ల ఎత్తు. బెంగళూరు తెలుగువాళ్లు వేసవి సెలవులకూ క్రిస్మస్ సెలవులకూ కట్టకట్టుకుని వెళ్లే ఊరు. రాత్రి హోటల్లో కారును ప్లగ్గుకు పెట్టి పడుకుంటారు. తెల్లారేసరికి నూరు శాతం. డిసెంబరు పొద్దున గడ్డి మీద మంచు పేరుకునే చలి. అంటే రీజెన్‌ను తగ్గించే కారణాలు రెండూ ఒకే కారులో, ఒకే పొద్దున. టిఫిన్ చేసి గూడలూరు వైపు బయల్దేరితే యాభై కిలోమీటర్లలో దాదాపు 1,200 మీటర్లు దిగాలి. మనుషులతో, సామాన్లతో 1,800 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు ఆరు యూనిట్లు, మనం కరెంటు బిల్లులో లెక్కపెట్టే యూనిట్లే. టైర్ల రాపిడి, గాలి కలిసి అందులో సగానికి పైగా తినేస్తాయనుకున్నా, రెండున్నర యూనిట్లు మిగులుతాయి. పాతిక లీటర్ల నీళ్లను మరిగించగల వేడి అది. దిగుడు మొదట్లో బ్యాటరీ దాన్ని తీసుకోదు కాబట్టి అక్కడి భారమంతా డిస్కుల మీద, ప్యాడ్ల మీద పడుతుంది.

పాతకాలం డ్రైవర్లకు ఇక్కడేం చేయాలో తెలుసు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు వేసి ఇంజన్ పట్టు మీద దించుతారు, బ్రేకును పొదుపుగా వాడతారు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసి దించిన లారీలు లోయల్లో పడ్డ కథలు ప్రతి ఘాట్‌కూ ఉన్నాయి. ఎలక్ట్రిక్ కారులో గేర్లు లేవు, ఇంజన్ లేదు. ఆ పాత ఇంజన్ పట్టు స్థానంలో ఉన్నది రీజెన్ ఒక్కటే. నిండు బ్యాటరీతో ఘాట్ మొదలుపెట్టడమంటే, తెలియకుండానే న్యూట్రల్‌లో దిగడంతో సమానం. కంపెనీలు మోటారులోనే కొంత శక్తిని వేడిగా ఖర్చు చేయించడం వంటి ఉపాయాలు చేస్తున్నాయి, అన్ని కార్లలో కాదు. మీటరు మీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక వస్తుంది, డ్రైవరు కళ్లు అప్పుడు మలుపు మీద ఉంటాయి. షోరూములో కారు తాళం చేతికిచ్చే రోజున స్వీటు డబ్బాతో పాటు ఈ ఒక్క ముక్కా చెప్పి పంపితే ఎంత బాగుంటుంది! డ్రైవింగ్ స్కూళ్లయితే ఇంకా గేరు పాఠం దగ్గరే ఆగాయి.

చేయాల్సింది కష్టమేమీ కాదు. కొండ మీద చార్జి చేస్తే ఎనభై, ఎనభై అయిదు శాతం దగ్గర ఆపేయాలి. చాలా కార్లలో ఆ హద్దు ముందే పెట్టుకోవచ్చు. ఆ వీలు లేకపోతే ప్లగ్గు తీసే సమయం చూసుకోవాలి. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవాళ్లను అప్పుడప్పుడూ నూరు దాకా నింపమని కంపెనీలు చెబుతాయి, మీటరు లెక్క తప్పకుండా ఉండడానికి. ఆ పని ఘాట్ దిగే ముందు రోజు రాత్రి పెట్టుకోకుండా ఇంట్లో చేసుకోవచ్చు. ఎప్పుడైనా కాలు తీస్తే పట్టలేదనిపిస్తే బ్రేకు పెడల్ అక్కడే ఉంది, నూరు శాతం చార్జిలోనూ అది పనిచేస్తుంది. ఘాట్‌లో అయితే దాన్ని అదేపనిగా తొక్కి ఉంచకుండా, వేగం ముందే తగ్గించుకుని, గట్టిగా వేసి వదులుతూ, డిస్కులు చల్లారడానికి మధ్యలో ఆగుతూ దిగాలి.

కొండ మీద ఇల్లున్నవాళ్ల కోసం అమెరికాలో షెవ్రొలే కంపెనీ బోల్ట్ కారులో 'హిల్ టాప్ రిజర్వ్' అనే మీట పెట్టింది. అది నొక్కితే చార్జింగ్ తొంభై శాతానికి కాస్త అటూ ఇటూ ఆగిపోయేది. కొండ దిగుతూ వచ్చే కరెంటుకు ఆ ఖాళీ ముందే అట్టిపెట్టినట్టు. మన దగ్గర ఊటీ, కొడైకెనాల్, అరకు, కూర్గ్ వెళ్లే కుటుంబాలు ఇన్ని ఉండగా, ఇలాంటి మీట ఇక్కడి కార్లన్నిటిలోనూ ఎందుకుండకూడదు?

తిరుమల ఈ లెక్కను ఎవరూ చెప్పకుండానే సరిగ్గా కుదుర్చుకుంది. 2022 సెప్టెంబరు 27న తిరుపతిలో ఏపీఎస్‌ఆర్టీసీ వంద ఎలక్ట్రిక్ బస్సుల పథకం మొదలుపెట్టింది. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా తయారుచేసిన బస్సులు, అందులో యాభై తిరుపతి, తిరుమల మధ్య ఘాట్ మీద తిరగడానికే. వాటికి చార్జింగ్ కొండ కింద, అలిపిరి డిపోలో. నిండు బ్యాటరీతో బయల్దేరిన బస్సు ఎక్కుడంతా ఖర్చు చేసుకుంటూ పోతుంది. 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమల చేరేసరికి బ్యాటరీలో చోటు సిద్ధం. దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. మనుషులతో కలిపి బస్సు 12 టన్నులుందనుకుంటే, ఆ 650 మీటర్లకు పైబడిన దిగుడులో దాని ఎత్తులో దాగిన శక్తి ఇరవై యూనిట్ల పైమాటే. అంతా రాదు, వచ్చిన మేరకు బ్యాటరీలో చేరుతుంది, బ్రేకు లైనింగులు అరగకుండా మిగులుతాయి. మలుపు మలుపుకూ డ్రైవరు కాలు తీస్తాడు, బస్సు సన్నటి ఈల లాంటి చప్పుడుతో నెమ్మదిస్తుంది. వెనక సీట్లో గుండు చేయించుకున్న పిల్లవాడు లడ్డు కవరు ఒళ్లో పెట్టుకుని, తల్లి భుజం మీద నిద్రపోతుంటాడు.